పద్నాలుగు సీసాలు

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు, కానీ అది వాన మబ్బు కాదు. పత్తి ఏరే రోజుల్లో నర్మెట్ట వైపు నుంచి తెల్లగా పాకి వచ్చి, పదింటి దాకా ఎండను ఆపి, ఒక్క చుక్కా రాల్చకుండా పోయే రకం. చేలల్లో పత్తి మంచుకు తడిసి ఉంది. తడి పత్తి ఏరితే రంగు మారుతుందని ఎవరూ పనికి పోలేదు. అందుకే మీటింగుకు మనుషులు దొరికారు.

మీటింగు మా తండా బడిలో. నాలుగేళ్ల కింద మా నీళ్లను పరీక్షకు తీసుకుపోయిన రజని అనే పిల్ల మళ్లీ వస్తోంది. వాళ్లది లింగాల ఘనపూర్. యూనివర్సిటీలో నీళ్ల మీద పరిశోధన చేస్తోంది. పరిశోధన చేసినవాళ్లు రాసుకున్న కాగితాలు బీరువాలో పెట్టుకోకుండా, ఎవరి దగ్గర వివరాలు తీసుకున్నారో వాళ్ల దగ్గరికే వచ్చి చెప్పాలని, జనం అడిగినదానికి జవాబివ్వాలని ఈ ఏడు యూనివర్సిటీలో కొత్తగా పెట్టారట. ఫోన్లో చెప్పింది. ఎక్కడికి పోతావంటే ముందుగా మా తండా పేరే ఇచ్చానని కూడా చెప్పింది.

"అంటే చదువుకున్నోళ్లకు మనం పరీక్ష పెడ్తమా?" అంది తారి. పక్కింటి మనిషి, నాకు చెల్లెలి వరుస. "పాస్ చేద్దాం తియ్యే అన్నా. పోయినసారి మన జొన్నరొట్టెలు మూడు తిన్నది. తిండికే సగం మార్కులు."

రుక్కి తానూ వస్తానంది. రుక్కి నా భార్య. రెండేళ్లుగా ఆమెకు మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా కలిపి తిరగాలి. నడుం ముందుకు వంగి, వంగిన దగ్గరే బిగుసుకుపోయింది. నిలబడితే ఆమెకు కనబడేవి ఆమె పాదాలే.

"అంత దూరం ఎట్ల వస్తవ్?" అన్నాను.

"కుర్చీల. నువ్వొక దిక్కు పట్టు, తారి ఒక దిక్కు పడ్తది. గా పిల్లను జూడాలె నేను."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికర్ర ఒళ్లో పెట్టి మోసుకుపోయాం. బరువేం లేదు. దారి పొడుగునా తారి నోరు ఆగలేదు.

"పెండ్లినాడు గూడ నిన్నెవ్వలు గిట్ల మోయలే గదనే వదినె."

"మోయలే. తొర్రూరు సంది బస్సుల నిలబడి వచ్చిన. సీటు మీ అన్న కూసున్నడు."

రుక్కి నవ్వింది. నవ్వితే ఆమెకు పక్కటెముకలు నొస్తాయి. అయినా నవ్వింది.

నాలుగేళ్ల కింద ఆమె బాగానే ఉండేది. మోకాళ్లు అప్పుడప్పుడే పట్టడం మొదలైంది. అప్పుడే యూనివర్సిటీ నుంచి ఒక సారు, ముగ్గురు పిల్లలు వచ్చారు. వాళ్లలో చిన్నది రజని. సాయంత్రం పద్నాలుగు ఇళ్లకు ఖాళీ సీసాలు ఇచ్చారు. మీరు రోజూ తాగే నీళ్లు పోసి పెట్టండి, పొద్దున వచ్చి తీసుకుంటాం అన్నారు. రెండు నెలలకు కాగితం వచ్చింది. తండా నీళ్లు తాగడానికి పనికొస్తాయని రాసి ఉంది. ఒకటి బడి గోడకు అంటించారు. ఒకటి నేను తెచ్చుకున్నాను.

మాకు నల్లా ఉంది. తండా మిట్ట మీద ఉంది కాబట్టి నీళ్లు ఎక్కిన రోజు ఎక్కుతాయి, ఎక్కని రోజు లేదు. మూడు బోరింగులు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. వాటి నీళ్లు పట్టిన బిందె అంచున తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. అంతకుముందు నలుగురైదుగురు నర్మెట్టలో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకునేవాళ్లు. కాగితం వచ్చాక వాళ్లూ మానేశారు. ప్లాంటు నీళ్లు సప్పగా ఉంటాయి, బోరింగు నీళ్లకు రుచి ఉంటుంది అనుకున్నాం.

ఆ ఎండాకాలం రుక్కిని జనగామలో ఒక డాక్టరుకు చూపించాను. ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. గొప్పగానే ఇచ్చాను. ఆయన చదివి, నీళ్ల దోషం కాదు, వాతం అన్నాడు. మూడేళ్లు వాతం మాత్రలు మింగింది. పోయిన ఎండాకాలం వరంగల్‌లో ఇంకో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. ఫ్లోరైడ్ అన్నాడు. బొక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయాయని, అప్పుడే నీళ్లు మార్చి ఉంటే అక్కడికి ఆగేదని, ఇక వెనక్కి రాదని చెప్పాడు. నేను మళ్లీ కాగితం తీశాను.

"కాగితం సంగతి నాకు తెలవదు. బొక్కలు చెప్తున్నయి" అన్నాడు.

రుక్కి ఆయన్ని నమ్మలేదు. కాగితాన్నే నమ్మింది. ఆ పిల్ల అబద్ధం రాయదంది. ఆనాటి నుంచి నేను క్యాన్లు తెస్తున్నాను గానీ, నా కళ్లు పక్కకు పోగానే ఆమె ఎవరినో ఒకరిని పిలిచి బోరింగు నీళ్లే పట్టించుకుని తాగుతుంది.

బడిలో కుర్చీ దించేసరికి రజని గోడకు పెద్ద కాగితమేదో అంటిస్తోంది. రుక్కిని చూసి చేతిలోని టేపు అక్కడే వదిలేసి వచ్చింది. నిలబడి మాట్లాడలేదు. బండల మీద కూర్చుని, తల ఎత్తి, రుక్కి చూపు ఎక్కడికి ఆనుతుందో అక్కడికి తన మొహం తెచ్చింది.

"ఏందవ్వా గిట్లయినవ్? ఎప్పటి సంది?"

"నువ్వొచ్చి పోయిన యేడు సంది. నువ్వు బక్కగయినవేందే? తింటలేవా?"

ఆ పిల్ల రుక్కి కాళ్లను చూసింది, చేతివేళ్లను చూసింది. వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత లేచి, గోడ మీది కాగితం ఊడదీసి చుట్ట చుట్టింది. బొమ్మలు చూపించి చెప్పాలనుకున్నదేదో మానేసినట్టుంది.

"నేను చెప్పనీకి వచ్చిన అని ఫోన్ల అన్న. కని అసలు అడగనీకి వచ్చిన" అంది అందరితో. "పోయినసారి మీ పద్నాలుగు ఇండ్ల నీళ్లు చూసినం. మొన్న నేను కూసొని ఆ లెక్కలు మళ్ల చూస్తే పద్నాలుగూ ఒక్కటే ఉన్నయి. ఉప్పు ఒక్కటే, సున్నం ఒక్కటే, ఫ్లోరైడ్ ఒక్కటే. మీ దగ్గర మూడు బోరింగులు. మూడింటి నీళ్లు ఒక్కతీరు ఎట్లుంటయి? కిలోమీటరు అవతల తండాల ఫ్లోరైడ్ అంత ఉంటే, మీ కాడ సున్నా ఎట్లయితది?"

చేతిలోని కాగితం చుట్టను బండ మీద పెట్టింది.

"మా సారు ఏమంటుండంటే, సీసాలు నా చేతిల కలిసిపోయినయంట. ఒక్క సీసానే పద్నాలుగుసార్లు చూసినవ్ అంటుండు. నాకైతే యాదికి లేదు. కావచ్చు. తప్పు నాదైతే మీ అందరి కాళ్లు మొక్కుత." రెండు చేతులూ జోడించింది. "కని తప్పు ఏడ జరిగిందో తేలాలె. గా కాగితం ఉన్నన్ని రోజులు సర్కారోళ్లు మీ బోరింగులు మూయరు, తండాకు ప్లాంటు పెట్టరు. ఇప్పుడు కొత్తగ పరీక్ష చేసి తీస్కపోయినా, పాతది మంచిది, కొత్తది చెడ్డది, ఏది నమ్మాలె అని అడుగుతరు. అందుకే అడుగుతున్న. గా రోజు సీసాలల్ల ఏం పోసిండ్రు? ఎవలు పోసిండ్రు?"

ఆ పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లలో పదకొండు మంది అక్కడే ఉన్నారు. ఒకరు కొంగు అంచు చూసుకుంటున్నారు. ఒకరు బండ మీది గీతను వేలితో రుద్దుతున్నారు. వజ్రమ్మ తలుపు బయటికి చూస్తోంది. ఎప్పుడూ ఆగని తారి నోరు కూడా ఆగిపోయింది. పదకొండు మందిలో ఒక్కరూ రుక్కి వైపు చూడలేదు.

అలా చూడకపోవడం వల్లే నాకు గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కింద, వాళ్లు సీసాలు ఇచ్చిపోయిన రాత్రి రుక్కి నన్ను నర్మెట్టకు తరిమింది. పొద్దున యూనివర్సిటీ పిల్లలు మళ్లీ వస్తున్నారు, ప్లాంటు నుంచి రెండు క్యాన్లు పట్టుకురా అంది. తెచ్చి గడపలో దించాను. తెల్లారి నేను చెలక నుంచి వచ్చేసరికి రెండు క్యాన్లూ ఖాళీ. ఛాయ్‌కే అంత అయ్యాయా అని అడిగితే, "తెల్లటి బిందెల నీళ్లు పట్నపోళ్ల సీసాలల్ల పోస్తే మన తండా ఇజ్జతేం గావాలె" అంది. నేను సరేనని ఎడ్లకు గడ్డి వేయడానికి పోయాను. మళ్లీ ఆ మాట తలచుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చామన్నది గుర్తు పెట్టుకునే సంగతి కాదు.

జనగామ డాక్టరు ముందు కాగితం తీసిన చెయ్యి నాది. ఆ కాగితంలో ఉన్న నీళ్లు ఆమె పోసినవి.

రుక్కికి అర్థమైందో లేదో కుర్చీ వెనక నిలబడ్డ నాకు కనబడదు. నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల తప్పు తన మీద వేసుకుని పోతుంది. వేసుకోవడానికే వచ్చినట్టుంది. నోరు తెరిస్తే రుక్కి ఎముకలను బిగించింది ఎవరో రుక్కికి తెలుస్తుంది. గడప దగ్గర తారి మనవరాలు కూర్చుని ఉంది. ఆరేళ్ల పిల్ల. పళ్ల మీద గోధుమరంగు గీతలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పెట్టుకోవాలని ఎవరూ నేర్పలేదు.

"తప్పు నీది గాదు బిడ్డా" అన్నాను. "అవి ప్లాంటు నీళ్లు. నేనే పోసిన."

రజని నా వైపు తిరిగింది. "అన్ని ఇండ్లల్లనా బాపు?"

"అన్ని ఇండ్లల్ల. క్యాన్లు దెచ్చిన, తిరిగి పోసిన."

"ఎందుకు?"

"ఇంటికొచ్చినోళ్లకు గా ఉప్పునీళ్లు ఎట్ల ఇస్తం?"

ఆ పిల్ల రాసుకోబోయి ఆగింది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"మేం సక్కగ చెప్పలే" అంది మెల్లగా. "తాగే నీళ్లు పోయుండ్రి అని చెప్పి ఎల్లిపోయినం. ఎందుకు అడుగుతున్నమో కూసొని చెప్తే గిట్ల గాకపోయేది. ఒక్క పూట కూసుంటే అయిపోయేది."

అప్పుడు కుర్చీ కాళ్లు బండ మీద గీరుకున్న చప్పుడైంది. రుక్కి రెండు చేతులతో నేలకు కర్ర ఆనించి, కుర్చీతో పాటు వెనక్కి తిరుగుతోంది. పట్టుకోబోతే వద్దంది. తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగి, నా మోకాళ్లను చూస్తూ, తెలుగులో కాకుండా మా తండా బాసలో అంది:

"సీసాలు నింపింది నేను. క్యాను నడుం మీద పెట్టుకొని పద్నాలుగు ఇండ్లు తిరిగిన. అప్పుడు నా నడుం నా మాట ఇన్నది. ఈయన చెలక కాడ ఉన్నడు. ఈయనకేం తెల్వదు. నా పేరు రాసుకొమ్మను."

రజనికి మా బాస రాదు. "అవ్వ ఏమంటుంది?" అని అడిగింది.

పదకొండు మందికీ ఆ బాస వచ్చు. ఒక్కరూ పలకలేదు. చివరికి తారి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏం లేదు బిడ్డా. అన్నం తిని పొమ్మంటుంది."

నేను చెప్పింది రాసుకుని, దాని కింద నా సంతకం తీసుకుంది రజని. ఈసారి సీసాలు ఎవరికీ ఇవ్వలేదు. తానే మూడు బోరింగుల దగ్గరికీ పోయి, తానే కొట్టి, ఎందుకలా చేస్తోందో చుట్టూ నిలబడ్డవాళ్లకు చెబుతూ నింపుకుంది. పిల్లలు అడిగారు, వజ్రమ్మ అడిగింది. అన్నింటికీ జవాబు చెప్పింది. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. ఎవరూ చేలకు పోలేదు.

నేనూ తారీ కుర్చీ మోసుకుంటూ ఇంటికి తిరిగాం. సగం దారిలో రుక్కి అడిగింది.

"తారీ, నీ మనుమరాలి పండ్లు గూడనానే?"

తారి కుర్చీ అంచును సవరించి పట్టుకుంది.

"గా యాకమ్మ కొడుకు కాళ్లు వంకర బోయినయి. అవి గూడనా?"

"ఊకో వదినె."

"నాలుగేండ్లు" అంది రుక్కి. "నాలుగేండ్లల్ల ఎంతమంది పిల్లలు పుట్టిండ్రు మన తండాల?"

నాకు లెక్క తెలుసు. చెప్పలేదు. కుర్చీ జారుతోందని చేతులు మార్చుకున్నట్టు నటించి, ఒక క్షణం దాన్ని దారిలో దించాను. మళ్లీ ఎత్తాం.

మధ్యాహ్నం తారి మా పొయ్యి మీదే రొట్టెలు చేసింది. రజని కాళ్లు కడుక్కుని వచ్చి, రుక్కి పక్కనే చాప మీద కూర్చుంది. జొన్నరొట్టెలు, పుంటికూర, పచ్చి ఉల్లిగడ్డ. రుక్కి చెయ్యి నోటి దాకా రాదు. నేను రొట్టె తుంచి, కూరలో అద్ది ఆమె నోటికి అందించాను. ఆమె నమిలి మింగేదాకా ఆగి, నేనొక ముక్క తిన్నాను. తారి ఇంకో రొట్టె తెచ్చి రజని పళ్లెంలో వేసింది. వద్దనబోయి, ఆ పిల్ల ఊరుకుంది. నలుగురం తలలు వంచుకుని తిన్నాం.