మోటారు కేబులు పక్కన తీగ

"ఈ బోర్డు చేసింది ఇదే గంగప్పా. దీనికి సంగటి కెలికేదే సరిగ్గా రాదు, ఇంక సోల్డరింగ్ ఏం వస్తాది!" అంటూ పాపన్న పెళ్లాం చెంప మీద ఒక్కటి పీకాడు. జయంతి తల గోడకు కొట్టుకుంది, పెదవి చిట్లింది. గంగప్ప తోట, మోటారు స్టార్టర్ గదిలో బోర్డు మీది రిలే స్విచ్చి టకటకా కొట్టుకుంటూనే ఉంది.

బోరులో నీళ్లు అయిపోతే మోటారును ఆపే బోర్డు అది. లోపలికి దించిన రెండు సన్న తీగలకు నీళ్లు తగిలినంతసేపు రిలే పట్టి ఉండాలి. ఇదేమో నీళ్లుండగానే వదులుతోంది, మళ్లీ పడుతోంది. ఇట్లాగే సాగితే మోటారు కాలుతుంది, గంగప్ప చీనీ, అంటే బత్తాయి చెట్లు ఎండుతాయి, తప్పు జయంతిదవుతుంది. గార్లదిన్నెలో పాపన్న అంగడిలో బోర్డులన్నీ ఆమే చేస్తుంది, ఇంటి చాకిరీ అంతా ముగించుకొని. బాగా నడిచినవి పాపన్నవి, చెడినవి ఆమెవి. "మొగుడు కొట్టక పక్కింటోడు కొడతాడా?" అని అత్త తిప్పమ్మ నవ్వేది.

జయంతి నెత్తురు మింగి, బోరు తీగలు పీకేసి, వేరే ముక్కలు తగిలించి బకెట్ నీళ్లలో ముంచింది. "మోటారు వేయి మామా" అంది గంగప్పతో. మోటారు హోరెత్తింది, రిలే కిక్కురుమనలేదు. బోరు తీగలు మళ్లీ తగిలించగానే టకటక.

"బోర్డు బాగుండాది మామా. తీగను మోటారు కేబులుకే కట్టి దించినాడు. ఆ కరెంటు సద్దంతా దీన్లోకి ఎక్కుతాంది. వేరే తీగ మెలేసి, ఎడంగా దించితే నిలబడతాది."

పాపన్న జడ పట్టి ఈడ్చి, డొక్కలో తన్నాడు. "పరాయోని ముందర నా పని తప్పంటావా!"

"వద్దప్పా" అని గంగప్ప చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. మగవాళ్ల జాలి అంతవరకే.

"మోటారు కేబులు జాయింటు లూజుంటాది, నేను చూస్తా" అన్నాడు పాపన్న. " నువ్వు స్టార్టరు కాడ చావు, ఎవురూ వేయకుండా." పెళ్లయినప్పటి నుంచీ అంతే. తను తీగలు పట్టినప్పుడు బటన్ దగ్గర పెళ్లామే కాపలా. ఇంకెవరినీ నమ్మడు.

బోరు దగ్గర పాపన్న గొంతుక్కూర్చుని, మోటారు కేబులు జాయింటు టేపు విప్పి, రాగి తీగలు రెండు చేతులా పట్టుకున్నాడు. కిటికీలోంచి అతని వీపు కనబడుతోంది. జయంతి వేలు మోటారు వేసే పచ్చ బటన్ మీదికి ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. బటన్ సగం దిగింది. ఆ వీపు విల్లులా వంగడం, చేతులు తీగలకు అంటుకుని మాడడం, అరవబోయిన నోరు అట్లాగే బిగుసుకుపోవడం, అన్నీ కళ్ల ముందు ఆడాయి. కడుపు నిండినట్టయింది. ఆ హాయికే ఆమె ఒళ్లు జలదరించింది.

చేయి లాక్కుని మెయిన్ దించింది. ఫ్యూజులు పీకి, బయటికొచ్చి గంగప్ప చేతిలో పెట్టింది.

"ఈయప్ప చేతులు తీసినాక పెట్టుకో మామా. నేను పోతాండా."

"యాడికే?" పాపన్న తల మాత్రం తిప్పి అరిచాడు.

"ఇంకొన్నాళ్లు నీ కాడుంటే నిన్ను చంపుతా. ఇప్పుడే చంపబోయినా" అంది జయంతి, గొంతు లేపకుండా.

పాపన్న తీగలు వదిలేశాడు. ఆమె రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా, ఫ్యూజులు గంగప్ప చేతిలో ఉన్నా సరే, ఆ తీగలను మళ్లీ ముట్టుకోలేదు.