దుమ్ము కాదు, పొట్టు

శారోన్ చెన్నైలో చదివే చదువు పేరు పలకడానికి బంధువుల్లో ఎవరికీ నోరు తిరగదు. పనిచేసే చోట పనివాళ్ళకి ఏ జబ్బులొస్తాయో, చుట్టూ ఉన్న గాలీ నీరూ ఎలా పాడవుతాయో చూసే చదువది. మొదటి ఏడు ఎలాగో గట్టెక్కింది. రెండో ఏటి ఫీజు సోమవారంలోగా కట్టకపోతే సీటు పోతుంది. ఇలాంటి చదువుకి సాయం చేసేవాళ్ళు బోలెడుమంది ఉంటారని కాలేజీవాళ్ళు చెప్పారు. ఉన్నారు కూడా.

అమలాపురంలో సర్కారు సాయమిచ్చే ఆఫీసులో గుమస్తా నాగసతీష్ దరఖాస్తులో చదువు పేరు చూసి, మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ఆక్యుపేషనల్ అంటే వృత్తే కదండీ?"

"ఆయ్, వృత్తేనండి."

"వృత్తికైతే కుట్టుమిషన్లు ఇస్తామండి. ఈ ఏటికి అయిపోయేయండి."

తనకి కుట్టుమిషను వద్దని చెప్పింది శారోన్. వద్దన్న మనిషిని అతను సర్వీసులో మొదటిసారి చూశాడట.

బ్యాంకు మేనేజరు ఇంకా శ్రద్ధగా విన్నాడు.

"చదువయ్యేక నీకు జీతం ఎవరిస్తారమ్మా?"

"ఫ్యాక్టరీవాళ్ళేనండి."

"వాళ్ళ ఫ్యాక్టరీలో జబ్బులున్నాయని నువ్వు చెప్తావు. చెప్పినందుకు వాళ్ళు జీతమిస్తారు."

"ఆయ్."

ఆయన మంచినీళ్ళు తెప్పించాడు. లోను ఊసెత్తలేదు.

ఇక మిగిలింది భీమరాజు గారు. అంబాజీపేట దగ్గర ఆయనకి కొబ్బరి పీచు మిల్లుంది. పేద పిల్లల చదువుకని తండ్రి పేరున ట్రస్టూ ఉంది. శారోన్ తల్లి సుందరి ఆ మిల్లులోనే పీచు తీసే యంత్రానికి కొబ్బరి డొక్కలు అందిస్తుంది. సుందరి పని దిగి వీధి మలుపు తిరిగిందంటే ఆవిడ దగ్గు విని, వంట వేళైందని పక్కింటివాళ్ళు పొయ్యి వెలిగించుకుంటారు. ఆ మిల్లు దుమ్ము పనివాళ్ళ ఊపిరితిత్తులని ఏం చేస్తుందో, గొట్టంలో ఊదించి కొలిచి, తన చదువు కోసం రాయాలని శారోన్ ఆలోచన.

తల్లీకూతుళ్ళిద్దరూ వెళ్ళారు. భీమరాజు గారు అంతా విని తలాడించాడు.

"ఫీజు ట్రస్టు కడుతుందమ్మా. మన సుందరి కూతురివి. ఒక్క మాట మార్చు. దుమ్మన్నావు చూడు, దుమ్మనేది రోడ్డు మీద ఉంటాది. మా మిల్లులో ఉండేది పొట్టు. దాన్ని ఇటుకల్లాగా నొక్కి విదేశాలకి పంపుతున్నాం. దుమ్మెవడన్నా కొంటాడా?"

"పొట్టు అనే రాసెయ్యవే, పోయేదేముంది" అంది సుందరి మెల్లిగా.

శారోన్‌కీ అదే అనిపించింది. "ఆయ్, అలాగేనండి. పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో పొట్టు ఎంత చేరిందో రాస్తానండి."

"ఊపిరితిత్తుల్లోకి నా సరుకెలా వెళ్తాదమ్మా?"

"పీలిస్తే వెళ్తుందండి."

"అంటే వీళ్ళు రోజూ నా పొట్టు ఇంటికి పట్టుకుపోతున్నారన్నమాట" అని ఆయన నవ్వాడు. యజమాని నవ్వాడు కాబట్టి సుందరి కూడా నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు. ఆగేదాకా ఆయన ఓపిగ్గా సెల్‌ఫోను చూసుకున్నాడు.

"చూసేవా, వీళ్ళు నవ్వినా దగ్గుతారు. ఆ దగ్గు మాత్రం రాయకు. సోమవారం పొద్దుటికల్లా ఫీజు పడిపోతాది."

శారోన్ లేచింది. "దగ్గు రాయకపోతే నా చదువులో రాయడానికి ఇంకేమీ లేదండి."

గేటు దాటాక కాలేజీలో పాఠం చెప్పే మేడమ్‌కి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ల్యాబులో ఏడాదిపాటు సీసాలు కడిగి, యంత్రాలు తుడిచేవాళ్ళకి ఫీజు మాఫీ చేస్తారని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదట. చేస్తానంది శారోన్.

సుందరి నడుస్తూ అంది: "సీటు నిలబడింది సరే. మిల్లులోకి నిన్నింక రానివ్వడు."

"తెలుసమ్మా. ఇంకో మిల్లు చూసుకుంటాను."

"ఎందుకూ? గొట్టం తెచ్చుకుని మనింటి అరుగు మీద కూర్చో. మావాళ్ళని నేను తీసుకొస్తాను. ముందు నన్ను రాసుకో."

"నిన్ను పనిలోంచి తీసేస్తాడమ్మా."

"తీసెయ్యనీ. ఊదడానికి ఆయన్నడగాలా? లోపలి సరుకు ఆయనదైతే అవనీ, ఊపిరి నాదే కదే."

ఆటో స్టాండు దాకా ఇద్దరూ ఆగి ఆగి నడిచారు.