టోఫు అమ్మే యూచిన్

కళ్లకు గంతలతో గాడిద తిరుగలి చుట్టూ తిరుగుతోంది. నానిన సోయా గింజలను ఫాన్ యూచిన్ గరిటెతో తిరుగలి కన్నంలో పోస్తోంది. అరవై దాటిన మనిషి. ఏళ్ల తరబడి నీళ్లలో, ఆవిరిలో నానిన ఆమె చేతులు తెల్లగా ఉబ్బి, అచ్చం ఆమె అమ్మే సోయాపాల జున్ను, టోఫులాగే ఉంటాయి. పొయ్యి దగ్గర జపాను పడుచు సుమియే సోయాపాల మీది నురగ తీస్తోంది. ఇద్దరూ రోజూలాగే పనిలో ఉన్నారు. జపాను వాళ్లందరినీ ఆ మధ్యాహ్నమే రైలెక్కించి ఓడరేవుకు, అక్కణ్ణుంచి వాళ్ల దేశానికి పంపుతున్నారన్న సంగతి మాత్రం చైనాలోని హార్బిన్ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

యుద్ధంలో జపాను ఓడిపోయిన ఏడు, మంచు పడే రోజుల్లో, సుమియే ఈ వాకిట్లో గాడిద తొట్టిలోని సోయా పిప్పి తింటూ దొరికింది. సరిహద్దులోని జపాను వలసపల్లె నుంచి నడిచొచ్చింది. చంటిబిడ్డ దారిలోనే పోయింది. యూచిన్ కొట్టడానికే గరిటె ఎత్తింది. ఆమె ఒక్కగానొక్క కొడుకును జపాను సైన్యం కోటలు కట్టే పనికి పట్టుకుపోయింది. వాడు మళ్లీ రాలేదు. ఎత్తిన గరిటెను ఏం చేయాలో తోచక, కుండలో ముంచి వేడిపాలు పోసింది. శత్రువును మేపుతున్నావని ఊళ్లో బండి తోలే ముసలాయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. మేపకపోతే పనెలా చేస్తుందని ఆమె జవాబు.

టోఫు మీద రాయి బరువు పెట్టి, సుమియే అక్కడే నిలబడిపోయింది.

"పెద్దమ్మా, ఉండిపోనా?"

ఆ మాట కోసం యూచిన్ చాన్నాళ్లుగా చెవులు రిక్కించుకునే ఉంది.

"మీ అమ్మ బతికే ఉందా?"

"ఏమో, తెలీదు."

"అయితే వెళ్లి కనబడు. మావాడు ఏమయ్యాడో నాకు ఈనాటికీ ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆవిడకి ఆ బాధ వద్దు." పొయ్యి మీది కుండ వైపు చూసి, "అయినా నువ్వు పాలు మాడబెడతావు" అంది.

సాగనంపడానికి రానని యూచిన్ తెగేసి చెప్పి, కావడి ఎత్తుకుని అమ్మకానికి బయల్దేరింది. ఎన్నడూ పోని స్టేషను వీధిలోకే పోయింది. వరసలో నిలబడ్డ సుమియే చేతిలో ఎండు టోఫు మూట పెట్టి, చొక్కా మెడ సరిచేసి, "ఎవరికీ పంచకు, అంతా నువ్వే తిను" అంది. సుమియే నడుము వంచి దండం పెట్టి తలెత్తేసరికి, టోఫు అన్న కేక వీధి మలుపు దాటిపోయింది.

సాయంత్రం గాడిదకు మేత వేయడానికి పాకలోకి వెళ్తే, మేకుకు కొత్త కళ్లగంతలు వేలాడుతున్నాయి. సుమియే బట్టల అడుగున ఒంటికి చుట్టుకుని దాచుకున్న పెళ్లినాటి నడికట్టు ఇదివరకు ఒకసారి యూచిన్ కంటబడింది. దాన్ని కోసి కుట్టినవే అవి. ఎర్రటి పట్టు మీద తెల్లకొంగలు, లోపలివైపు గాడిద కళ్లకు ఒరుసుకోకుండా మెత్తగా కూరిన దూది.