మాస్టారి తప్పులు

లెక్కల మాస్టారి గొంతు పాఠం మధ్యలోనే పోయింది. పంతొమ్మిదేళ్లుగా వెనక బెంచీ దాకా ఖంగుమని వినిపించిన గొంతు, ఆ రోజు త్రికోణాల దగ్గర గరగరమని ఆగిపోయింది. ఆపరేషన్ చేస్తే మాట తిరిగొస్తుంది గానీ, ఇక క్లాసులో అరిచే ఉద్యోగం మానుకోవాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

నలభై ఆరేళ్ల మనిషి. ఆపరేషన్ అయ్యాక నెల రోజులపాటు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. చివరికి భార్యే దారి చూపించింది.

"లెక్కలొచ్చిన వాళ్లకి కంప్యూటరేమంత కష్టమండీ? పైగా దాని మీద అరవక్కర్లేదు కూడా!"

పిల్లల వయసువాళ్ల మధ్య కూర్చుని ఎనిమిది నెలలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ఆరు కంపెనీలు ఆయన వయసు చూసి నవ్వి పంపేశాయి. ఏడోది తీసుకుంది. ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో స్టాపుల్లో బోర్డుల మీద చూపించే ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ అది. ఏడాదిపాటు పని చూసి, అప్పుడు ఖాయం చేస్తామన్నారు.

మొదటిరోజు ఆఫీసులో అడుగుపెట్టగానే టీమ్ లీడ్ దిగ్గున లేచి నిలబడింది.

"మాస్టారూ! నేనండీ, వాగుడుకాయని!"

పన్నెండేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఆ పేరు పెట్టింది ఆయనే. గంటకి వంద సందేహాలడిగే పిల్ల మరి. ఇప్పుడు ఆయన పై అధికారి! అయినా ఆయన వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచేది. మిగతా కొత్తవాళ్లు రాసిన కోడ్ బారెడు దిద్దుబాట్లతో వెనక్కొస్తుంటే, ఆయనకి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది: "బాగుంది మాస్టారూ."

ఆయన పొంగిపోయాడు. ఇంటికెళ్లి భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు.

ఐదో నెలలో ఒకరోజు, తాను రాసిన పాత ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేయడానికి దాన్ని తెరిచాడు. అందులో తాను రాయని వరసలు కనిపించాయి. దూరాన్ని బస్సు వేగంతో భాగించి సమయం లెక్కగట్టాడాయన. బస్సు ఆగి ఉంటే వేగం సున్నా అవుతుందన్న సంగతే తట్టలేదు. అది ఎవరో సరిచేశారు. ఎవరు సరిచేశారో కంప్యూటర్ దాచదు కదా. వెతికితే ముప్పై ఒక్క చోట్ల దిద్దుబాట్లు తేలాయి. అన్నీ ఆ అమ్మాయివే, అన్నీ ఆయన ఇంటికి వెళ్లిపోయాక చేసినవే.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సహించలేదు.

"జాలిపడి ఉంచుకున్నారే నన్ను. రేపే మానేస్తాను" అన్నాడు.

భార్య కంచం ఆయన ముందుకి జరిపింది. "మానేద్దురుగాని. ముందు ఆ అమ్మాయిని అడిగారా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

"తెలీనివాళ్లు తెలిసినవాళ్లని అడిగే మొహం. అన్నేళ్లు చూశారుగా, ఎలా ఉంటుందో మీకే బాగా తెలియాలి."

మర్నాడు ఆ అమ్మాయిని చిన్న మీటింగ్ గదిలోకి పిలిచి అడిగేశాడు. ఆమె నీళ్లు నమిలింది.

"మీకు తప్పని ఎలా చెప్పను మాస్టారూ? నాకు నోరు రాలేదు."

"నీకా? నోరు రాలేదా?"

"అది కాదండీ..." అని ఇక ఆగలేకపోయింది. "సున్నాతో భాగించకూడదని మాకు చెప్పిందే మీరు! మీరే భాగించి కూర్చుంటే నేనేం చెయ్యాలి?"

అనేసి చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు ఓ క్షణం బిక్కమొహం వేశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గొంతు బొంగురుపోయి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ అమ్మాయి కంగారుగా నీళ్లందించింది.

"అమ్మా, నువ్వు చాటుగా దిద్దేస్తూ పోతే నేనెప్పుడు నేర్చుకుంటాను? ఇక్కడ టీచరువి నువ్వే."

"సరే. కానీ తర్వాత బాధపడకూడదు."

"పడతాను. పడితే ఏమైంది?"

ఆ వారం ఆయన కోడ్ ఇరవై మూడు తప్పులతో వెనక్కొచ్చింది. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. అయినా విచిత్రంగా గుండె తేలికపడింది. తానెక్కడున్నాడో ఆయనకి ఇన్నాళ్లకి తెలిసింది. పై వారం పద్నాలుగు, ఇంకో వారం మళ్లీ పంతొమ్మిది. పదో నెలకి నాలుగైదుకి దిగాయి. ఒకసారైతే ఆ అమ్మాయి రాసినదాంట్లోనే తప్పు పట్టాడు. ఆమె రెండు రోజులు వాదించి, మూడో రోజు ఒప్పుకుంది.

ఏడాది నిండిన శనివారం మేనేజర్ పిలిచాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"ఆరో నెలలో మీ లీడ్ మీ గురించి 'ఇంకా నమ్మలేను' అని రాసిందండీ. ఇది ఇవాళ రాసింది, వినండి: 'ఆయన కోడ్ చూడకుండా పంపను. ఎవరిదీ అలా పంపను. కానీ ఇప్పుడు భయపడకుండా చూస్తున్నాను.' మీ ఉద్యోగం ఖాయం చేస్తున్నాం."

మాస్టారు వరండాలోకొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆ మొదటి కాగితం మీద ఆయనకి కోపం రాలేదు. అది ఉండబట్టే రెండోదాన్ని నమ్మగలిగాడు. భార్యకి ఫోన్ చేసి చెబితే, అవతలినుంచి ముందు "హమ్మయ్య" అని మాత్రమే వినిపించింది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు.

మర్నాడు ఆదివారం. ఏడాదిగా ఐదింటికే లేచి పుస్తకాలు ముందేసుకునే మనిషి పది దాటినా లేవలేదు. భార్య రెండుసార్లు వచ్చి చూసి, కర్టెన్ సరిచేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.