పొయ్యి ముందరి గుంట

హోటల్‌కి భోజనానికి వెళ్తూ పొద్దున్నే లేచి వంట చేసేవాళ్ళుంటారా? ఉంటారు. సంయుక్త చేసింది. అత్తగారు రమామణికి పెరుగన్నం, భర్త శశాంక్‌కి పులిహోర, నంజుకోవడానికి మాగాయ. "నాకా చప్పిడి తిళ్ళు పడవమ్మాయ్" అన్నారు ఆవిడ. "కాస్త ఎక్కువే పెట్టు సంయూ, ఎందుకైనా మంచిది" అన్నాడు ఈయన. ఆ రోజు సంయుక్త పుట్టినరోజు మరి!

హాంబర్గ్ దాటాక, ఎల్బే నది ఒడ్డున ఆపిల్ తోటల మధ్య ఉందా బంగళా. ఒకప్పుడు ఆ తోటలన్నీ ఏలిన దొరలది, ఇప్పుడు రెస్టారెంట్. పూత కాలం. సన్నటి తుంపరలో తోటంతా తెల్లగా తేలిపోతున్నట్టుంది. కిటికీ పక్కన కూర్చుని చూస్తుంటే తనూ తేలికైపోతున్నట్టనిపించింది సంయుక్తకి. డబ్బాల సంచి మాత్రం మోకాళ్ళ మీదే ఉంది.

రేవు దగ్గరి ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు, సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. మైక్రోబయాలజీ చదివిన మనిషి మూడేళ్ళుగా పోపు మాడకుండా చూసుకుంటోంది. "అమ్మ ఇక్కడ ఉన్నన్నాళ్ళు ఆగరాదూ? ఉద్యోగాలెక్కడికి పోతాయ్?" అన్నాడు శశాంక్ కారులో. అంతకుముందు ఆగమనడానికి కారణం ఇల్లు మారడం, దానికి ముందు అతని ప్రమోషన్.

చేతులు కడుక్కోవడానికి పాత వంటింట్లోంచి వెళ్ళాలి. "జాగ్రత్త, పొయ్యి ముందర రాయి అరిగి గుంట పడింది, అందరూ తడబడతారు" అంది వడ్డించే అమ్మాయి జర్మన్‌లో. ఎవరో వంటమనిషి నలభై ఏళ్ళు అక్కడే నిలబడిందట. పేరేమిటంటే తెలీదంది.

సంయుక్త తడబడలేదు. ఎందుకో బూట్లు విప్పి నిలబడింది. పాదాలు రెండూ ఆ గుంటలో అతికినట్టు సరిపోయాయి. పొయ్యి ఆరి ఎన్నేళ్ళయిందో గానీ ముఖానికి సెగ తగిలింది. పక్కనెవరో తల తిప్పకుండానే, "ఇది నా చోటమ్మా, నువ్వు జరుగు" అన్నట్టయింది. ఇంట్లో స్టవ్ ముందర వేసిన మ్యాట్ గుర్తొచ్చింది. మూడేళ్ళకే దానిమీద రెండు పాదాల మేర అరిగిపోయింది. భయం వేసింది, నిజంగానే భయం వేసింది. అక్కడే ఫోన్ తీసి ల్యాబ్‌కి మెయిల్ పెట్టింది, చేరుతున్నానని.

వచ్చేసరికి సూప్ వడ్డించి ఉంది.

"ఎంతసేపు సంయూ! హోటల్ వాళ్ళు చూడకముందే పెరుగన్నం తియ్యి, అమ్మకి ఆకలేస్తోంది."

సంచి అతని చేతికిచ్చింది. "పైనే ఉంది శశాంక్, నువ్వే పెట్టు. ఒకటో తారీకు నుంచి నేను ల్యాబ్‌కి వెళ్తున్నాను, నీకూ అలవాటు కావాలిగా."

అత్తగారు నోరు తెరిచి చూశారు. శశాంక్ ఏదో అంటున్నాడు. సంయుక్త స్పూన్ తీసుకుంది. పెళ్ళయ్యాక ఆమె వేడివేడిగా తినడం అదే మొదటిసారి.