నాలుగు వేళ్ళ మడత

ఆ ఇంట పెళ్లిమాట పుట్టింది సంబంధం వచ్చినందుకు కాదు, ఒక ఈల వినిపించినందుకు.

బడివారు పైతరగతులను పెద్దరోడ్డు అవతలి భవనానికి మార్చి, మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు విడిచిపెట్టసాగారు. ఒకనాడు ఆ ఇంటి పిల్ల బస్సుల షెడ్డు పక్కగా వస్తూంటే ఎవడో ఈలవేసి, మలుపుదాకా వెంట నడిచాడు. నోరు మూతపడదని అందరూ గిలక అని పిలిచే ఆ పద్నాలుగేళ్ల పిల్ల ఇంటికి రాగానే సంగతంతా తల్లితో చెప్పేసింది.

తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. తండ్రి దూరదేశంలో భవనాలు కడుతున్నాడు. ఇంట మిగిలినది చూపు మందగించిన నాయనమ్మ. ఆనాటి నుండి మిషను ముందు కూర్చున్న తల్లికి మనస్సు కుదురు తప్పింది. సాయంత్రమైతే చెవులు రోడ్డుమీదనే ఉండేవి. రెండుసార్లు సూది వేలిలో దిగింది.

"ఎన్నాళ్లే ఇలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని?" అంది నాయనమ్మ. "ఒకింటిదాన్ని చేసెయ్. నన్ను పన్నెండేళ్లకే పంపించారు, చచ్చానా?"

"చావలేదులే అత్తయ్యా. కానీ ఆ ఊసెత్తినప్పుడల్లా కళ్లు తుడుచుకుంటారు."

"అది జలుబు."

ఫోనులో తండ్రి మాట మరింత పొట్టిది. "నేనిక్కడ, నువ్వు ఫ్యాక్టరీలో. ఏమన్నా అయితే ఎవరు చూస్తారు? కానిచ్చెయ్."

ఇనుపకొట్టు నడిపే ఇరవై ఏడేళ్లవాడు కుదిరాడు. పిల్ల పొడగరి కావడంతో, పద్దెనిమిది నిండాయని తల్లి చెప్పిన మాటను ఎవరూ తరచి చూడలేదు.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పకుండా ఉంటే బడికి వెళ్తూ ఉండేదాన్నా?" అని అడిగింది గిలక.

తల్లి పంటితో దారం తెంపింది.

పెళ్లి లంగాను ఆమె స్వహస్తాలతో మూడు రోజుల్లో కుట్టి ముగించింది. నాలుగోనాడు వరుని మేనత్త చూడవచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు కుట్టుపని చేసిన మనిషే కనుక, పైమెరుగులు వదిలి సరాసరి అంచు తిరగేసింది. ఎదుగుదల ఆగినవారికి అంచులో వేలెడు గుడ్డ మడుస్తారు. పిల్లలకైతే, ఏటేటా విప్పి దించుకోవడానికని నాలుగు వేళ్ళు వదులుతారు. మేనత్త నాలుగు వేళ్ళూ ఆ మడతలో దూరాయి.

"ఏం వదినా, పద్దెనిమిది నిండిన పిల్లకి ఎదుగుబట్ట ఎందుకు?"

తల్లి నిర్విణ్ణురాలయింది. ఆ మడత ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు.

"గుడ్డ మిగిలిందమ్మా, పారేయడమెందుకని..." నాయనమ్మ అడ్డుపడింది.

"మీరుండండి పెద్దమ్మా. వదినా, నిజం చెప్పు. ఎన్నేళ్లు?"

"పద్నాలుగు."

ఇక కోపగించుకొని లేచి వెళ్లిపోతుందనే అనుకున్నారు. మేనత్త మాత్రం నిమ్మళంగా బట్టను ఒళ్లో పరిచింది. "పోనీలే, మా ఇంట్లోనే ఎదుగుతుంది. కాగితాల్లో మాత్రం పద్దెనిమిదే అనండి. ఈ మడత కత్తిరించెయ్, నలుగురి కళ్లల్లో పడకుండా." కత్తెర కూడా తానే అందించింది.

తల్లి కత్తెర పట్టింది. గడపలో నిలబడిన గిలక, ఎన్నడూ లేనిది, ఒక్కమాట మాట్లాడలేదు. కత్తెర నోరు తెరుచుకొని, గుడ్డమీద ఆగి, మూతపడింది.

"కత్తిరించను వదినా. పెళ్లి చెయ్యను."

"మరి రేపు ఏదన్నా అయితే?"

"నాకూ అదే భయం."

"భయం ఉంచుకుని, సంబంధం వదులుకుంటావా! మీకో దండం." మేనత్త చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది. నాయనమ్మ కోడలితో మాటలాడటం మానింది. తల్లి చేస్తే తండ్రి ఫోను మోగి మోగి ఆగింది, ఎత్తలేదు.

మరునాడు గిలకను మళ్లీ బడికి పంపి, బడి విడిచే వేళకు తల్లి ఫ్యాక్టరీలో మిషను ఆపి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు సూపర్‌వైజర్.

"పిల్లను తీసుకురావాలి సార్. వచ్చి మిగతాది కుడతాను."

"రోజూ ఇదేనా?"

"రోజూ."

"రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం," అన్నాడతడు. ఆ స్వరంలో మెత్తదనం లేదు.

బడి గేటు ముందు తల్లిని చూసి గిలక ముఖం ముడుచుకుంది. "అబ్బా, అందరూ చూస్తున్నారు. రేపూ వస్తావా?"

రేపటికి తన పని ఉంటుందో ఊడుతుందో ఆమెకు తెలియదు. పిల్ల సంచి లాక్కొని భుజాన వేసుకుంది. "నడువు నడువు," అంటూ పెద్దరోడ్డు వైపు అడుగు పెంచింది.