ఆదివారమక్క, సోమవారం చెల్లె

ఎవరినైనా నాలుగు మాటలు అడగనిదే సోమ్లికి ముద్ద దిగదని తండాలో అందరికీ తెలుసు. సంతకు పోతే చేపలమ్మే ఆమె పక్కన కూలబడి వల ఎన్ని రోజుల్లో అల్లుతారో అడిగేది. బస్సెక్కితే డ్రైవరు వెనకే కూర్చుని ఆ కడ్డీ ఎందుకు, ఈ బొత్తాం ఎందుకని ప్రాణం తీసేది. మణుగూరు దవాఖానాలో సూది వేయించుకునేటప్పుడు కూడా నర్సమ్మది ఏ ఊరో, పుట్టింటికి పోయి ఎన్నాళ్ళయిందో తెలుసుకున్నాకే చెయ్యి చాపింది.

ఆమె మొగుడు మోతీలాల్ పినపాకలో పోస్ట్‌మాన్. రోజూ నాలుగూళ్ళ గడపలు తొక్కుతాడు గానీ, ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో నోరు జారడు. "ఊరోళ్ళ ముచ్చట్లు నీకెందుకే?" అని పెళ్ళయిన ఇరవయ్యేళ్ళ నుంచి అడుగుతున్నాడు. "తెలుసుకుంటే ఏం పోతది?" అని సోమ్లి అంతకాలంగానూ అంటూనే ఉంది.

1986లో మోతీలాల్‌కు ఎల్.టి.సి. వచ్చింది. దేశంలో ఎక్కడికైనా పోయి చూసి రమ్మని సర్కారు తన కొలువుదార్లకు నాలుగేళ్ళకోసారి ఇచ్చే ప్రయాణం అది. మామూలుగా తిరుపతికో కాశీకో పోతారు. ఆ ఏడు ఖమ్మం, మణుగూరు వైపు పోస్టాఫీసుల వాళ్ళు కొందరు కలిసి అండమాన్ దీవులకు పోదామనుకున్నారు. సబ్ పోస్ట్‌మాస్టర్ అబ్దుల్ సత్తార్ అందరికీ పెద్ద. ఆయన భార్య మలికాతో కలుపుకుని మొత్తం పదకొండు మంది.

మోతీలాల్ బయల్దేరే ముందు ఒకే ఒక్క మాట అడిగాడు. "సార్ల భార్యలు వస్తున్రు. మన అద్దాల లంగా వద్దు. చీర కట్టుకో."

సోమ్లి సరేనంది. కానీ తన అద్దాల లంగా, రవికె, మీద కప్పుకునే తునక, మూడూ మూటలో అడుగున పెట్టుకుంది. వాటి మీద ఇప్పపువ్వు ముద్దల డబ్బా పెట్టింది. ఎండిన ఇప్పపువ్వును వేయించి, నువ్వులు, బెల్లం వేసి దంచిన ముద్దలవి. దూరాభారం పోయేటప్పుడు అవి లేకుండా ఆమె కదలదు.

మద్రాసులో ఓడెక్కారు. మూడు రోజులు నీళ్ళు తప్ప మరేమీ కనబడలేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, అక్కడి నుంచి లాంచీలో రెండు గంటలు పోయి ఒక చిన్న దీవి చేరారు. మూడో రోజు పొద్దున అదే లాంచీ వచ్చి తీసుకుపోతుంది. ఆ సాయంత్రం నాలుగింటికి మద్రాసు ఓడ.

దీవి దగ్గర లాంచీ ఒడ్డు దాకా రాలేదు. మోకాలు లోతు నీళ్ళలో దిగి నడవాలి. సోమ్లి చీర నడుం దాకా తడిసి కాళ్ళకు చుట్టుకుంది. రెండడుగులు వేసి నీళ్ళలో కూలబడింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. గెస్ట్‌హౌస్‌కు చేరగానే ఆమె ఆ చీర పిండి తీగ మీద ఆరేసి, మూట విప్పి, తన లంగా రవికె వేసుకుని బయటికొచ్చింది.

మోతీలాల్ చూశాడు. తల తిప్పుకున్నాడు.

మిగతా వాళ్ళంతా ఇసుకలో దుప్పట్లు పరుచుకుని సముద్రం చూస్తూ కూర్చున్నారు. నిజంగానే అది చూడాల్సిన సముద్రం. ఒడ్డున తెల్లగా, కొంచెం లోపల పచ్చగా, ఇంకా లోపల నెమలి మెడలా ఉంది. సోమ్లి కూడా చూసింది. కడుపు నిండా చూశాక ఆమెకు అనుమానం వచ్చింది. ఇక్కడ మనుషులు ఏం తింటారు? నీళ్ళెక్కడివి? వంటచెరకు ఎక్కడ ఏరుకుంటారు? కొబ్బరిచెట్ల వెనక సన్నగా పొగ లేస్తోంది. ఆమె అటు నడిచింది.

చెట్ల వెనక వెదురు తడికెల ఇల్లు. వాకిట్లో ఒక ముసలామె పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు, ముంజేతుల మీద పచ్చబొట్లు. సోమ్లి రవికె మీది అద్దాలకు ఎండ తగిలి ముసలామె ముఖం మీద చుక్కలు చుక్కలుగా ఆడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వింది.

ముసలామెది ఒక రకం హిందీ. సోమ్లిది లంబాడీ మాట. రెండూ అక్కాచెల్లెళ్ళ కూతుళ్ళ లాంటివి. నీళ్ళను ఇద్దరూ పాణి అనే అన్నారు. అర్థం కాని చోట చేతులు తిప్పుకున్నారు.

"నీ పేరేంది?" అని అడిగింది సోమ్లి.

"ఏత్వారి. ఆదివారం పుట్టాను. మావాళ్ళలో పుట్టిన వారమే పేరు."

సోమ్లి నోరు తెరిచింది. "మాలోనూ గంతే! నేను సోమవారం పుట్టిన. సోమ్లి."

ముసలామె వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆదివారం, సోమవారం. "అయితే నా వెనక పుట్టినదానివి. నా చెల్లెలివి," అని తేల్చేసింది. అంతలో లోపలి నుంచి నలభయ్యేళ్ళ మనిషి ఒకడు భుజం మీద తాడు వేసుకుని వచ్చాడు. "వీడు నా కొడుకు. మంగ్రా," అంది ఏత్వారి. మంగళవారం! ఇద్దరాడవాళ్ళూ తొడలు చరుచుకుని నవ్వారు. మంగ్రాకు ఏం జరిగిందో తెలియక తన చొక్కా వైపు చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సోమ్లి అడగని ప్రశ్న లేదు. ఏత్వారి దాచిన జవాబు లేదు. వాళ్ళది రాంచీ వైపు అడవి. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, దీవుల్లో చెట్లు కొట్టే పనికి తండ్రి వస్తే ఆయన వెంట ఓడెక్కింది. పని అయ్యాక తిరిగి పోదామనుకున్నారు. తండ్రి ఇక్కడే పోయాడు. తనకు ఇక్కడే పెళ్ళయింది. మళ్ళీ ఆ అడవి చూడలేదు.

రెండో రోజు పొద్దున మిగతా వాళ్ళు పగడపు రాళ్ళు చూడబోయారు. సోమ్లి ఇప్పపువ్వు ముద్దల డబ్బా తీసుకుని ఏత్వారి ఇంటికి పోయింది. మూత తియ్యగానే ముసలామె కొబ్బరి కోరడం ఆపింది. దగ్గరికి జరిగింది. ఒక ముద్ద తీసుకుని తినకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మహువా," అంది. ఇప్పపువ్వుకు వాళ్ళ మాట అది.

కళ్ళ నుంచి నీళ్ళు కారి పచ్చబొట్ల మీద పడుతున్నా తుడుచుకోలేదు. "మా అమ్మ చీకటితో లేపి గంప చేతికిచ్చేది. చెట్టు కింద నేలంతా తెల్లగా ఉండేది. ఈ దీవిలో ఆ చెట్టు లేదు," అంది. సోమ్లికి ఎప్పుడూ తర్వాతి ప్రశ్న నాలుక మీద ఉంటుంది. ఆ పూట మాత్రం ఏమీ అడగలేదు. డబ్బా మొత్తం ఆమె ఒళ్ళో పెట్టి, కోరుడు పీట తన వైపు లాక్కుని తనే కొబ్బరి కోరింది.

మధ్యాహ్నం మంగ్రా తన దోనె దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్ళు దాన్ని డోంగీ అంటారు. అరటి గెలలు, కొబ్బరికాయలు వేసుకుని వారానికి రెండుసార్లు పోర్ట్‌బ్లెయిర్‌కు పోతాడు. అందులో ఇంజను చూసి సోమ్లి, "గిది మా మిర్ప తోటల నీళ్ళు తోడే ఇంజనే గదా!" అంది. ఇక వదల్లేదు. బరువు ఎక్కడ పెట్టాలి? అల ఎటునుంచి వస్తే భయం? నీళ్ళు లోపలికొస్తే ఎట్లా? మంగ్రా ఓపిగ్గా చెప్పాడు. బరువంతా నడిమధ్య, అడుగున. అలకు దోనె ముక్కు ఎదురు పెట్టాలి, పక్క చూపితే బోర్లాపడుతుంది. లోపలికొచ్చిన నీళ్ళు సగానికి కోసిన నూనె డబ్బాతో ఎత్తి పొయ్యాలి. సోమ్లి ఆ డబ్బా తీసుకుని, తోడి పోసి, చెయ్యి ఎట్లా తిప్పితే అలసట రాదో అది కూడా చూసుకుంది.

మూడో రోజు పొద్దున అందరూ సామాన్లు సర్దుకుని ఒడ్డున నిలబడ్డారు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. లాంచీ లేదు. గాలి మారింది. నిన్నటి దాకా అద్దంలా ఉన్న నీళ్ళ మీద తెల్లటి నురగ లేస్తోంది. పోలీసు చౌకీలో వైర్‌లెస్ ఉంటే సత్తార్ పోయి కనుక్కొచ్చాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"లాంచీ ఇంజను పాడైందట. రేపు గానీ రాదు."

"మరి ఓడ?" అన్నాడు మోతీలాల్.

"ఓడ ఇయ్యాల్నే. మళ్ళీ ఓడ పన్నెండు రోజులకు."

మలికా ఇసుకలోనే కూర్చుండిపోయింది. సెలవు అయిపోయింది. చేతిలో తిరుగు టికెట్లు తప్ప ఏమీ లేవు. సత్తార్ ఒడ్డున ఉన్న పడవల వాళ్ళందరినీ బతిమాలాడు. ఈ గాలిలో పట్నపోళ్ళను ఎక్కించుకోలేం అన్నారు. చివరికి మంగ్రా దగ్గరికి పోయాడు. మంగ్రా కూడా తల అడ్డంగా ఊపాడు. "నేను ఒక్కణ్ణే అయితే పోతాను. మీలో ఎవరైనా నీళ్ళలో పడితే జైల్లో కూర్చునేది నేను."

సోమ్లి ఎవరికీ చెప్పకుండా కొబ్బరిచెట్ల వెనక్కి పరుగెత్తింది. పది నిమిషాల్లో ఏత్వారి చెయ్యి పట్టుకుని తిరిగొచ్చింది. ముసలామె సంగతంతా విన్నది. కళ్ళు చిట్లించి సముద్రం వైపు చూసింది. ఆ తర్వాత కొడుకుతో ఒకటే మాట అంది.

"నా చెల్లెలు ఇంటికి పోవాలి. నేనూ దోనెలో కూర్చుంటా. అమ్మ కూర్చున్న దోనెను ఎట్లా నడుపుతావో అట్లా నడుపు."

మంగ్రా తల్లి వైపు చూశాడు. భుజం మీది తాడు దించాడు. "ఇప్పుడే బయల్దేరాలి," అన్నాడు.

ఇప్పుడు భయం మన వాళ్ళది. "ఈ చిన్న దోన్ల పదకొండు మందిమా? నేనెక్క," అంది మలికా. సోమ్లి నీళ్ళలోకి దిగి, లంగా కుచ్చిళ్ళు నడుంలో దోపుకుని, అందరికంటే ముందు దోనెక్కింది.

"అక్కా, ఇటు చూడు. ఒక్కోసారి యాభై గెలలు మోసే దోనె ఇది. మనం గెలలంత బరువు గూడ లేం. ఎట్ల కూసోవాల్నో నేను చెప్త. సత్తార్ సాబ్, మీరు నడుమ, అడుగున. కాళ్ళు చాపున్రి. మలికక్కా, నువ్వు సాబు ముందట. సన్నటోళ్ళు రెండు పక్కల. ఒడ్డు కనవడ్డా సరే, ఎవ్వరు లేవొద్దు. లేస్తే అందరం మునుగుతం."

తమకు తెలియకుండానే అందరూ ఆమె చెప్పినట్టు కూర్చున్నారు. మంగ్రా వెనక చుక్కాని దగ్గర నిలబడి చూసి, మార్చాల్సిందేమీ కనిపించక ఇంజను తిప్పాడు.

దీవి చాటు దాటగానే సముద్రం వాళ్ళను పట్టుకుంది. దోనె ముక్కు ఆకాశానికి లేచి, దబ్బున కిందికి పడింది. ఉప్పునీళ్ళు జల్లున లోపలికొచ్చాయి. ఎవరో ఏడుపు లంకించుకున్నారు. మోతీలాల్ అంచు మీద తల పెట్టి వాంతి చేసుకున్నాడు. సోమ్లి, ఏత్వారి ఎదురెదురుగా కూర్చుని చెరో నూనె డబ్బాతో నీళ్ళు ఎత్తి పోస్తున్నారు. ఒకరి డబ్బా లేస్తే ఇంకొకరిది దిగుతోంది.

"ఇంకా పెద్దది వస్తున్నది! పట్టుకోన్రి!" అని సోమ్లి అరిచింది. పట్టుకున్నారు. అది వచ్చి దాటిపోయింది. మళ్ళీ అరిచింది. మళ్ళీ దాటిపోయింది. పదో అలకో పదిహేనో అలకో, "ఇంకొకటి!" అని మలికాయే ముందు కేక వేసింది. ఆ కేకలో ఏడుపు లేదు. వంతు వచ్చినట్టు చెయ్యి చాపి ఏత్వారి చేతిలో డబ్బా అందుకుంది. "నువ్వు కాసేపు కూసో అమ్మా. నేను పోస్త." సోమ్లి మణికట్టు ఎట్లా తిప్పాలో చూపించింది. సత్తార్ తన టోపీతో తోడబోయి, టోపీని సముద్రంలో జారవిడుచుకున్నాడు. అంత భయంలోనూ అందరికీ నవ్వొచ్చింది.

మోతీలాల్ తేరుకుని పాకుతూ భార్య దగ్గరికి వచ్చాడు. ఆమె చేతులు ఉప్పుకు పగిలి ఎర్రగా ఉన్నాయి. "ఇటియ్యి," అన్నాడు. "ఇగ నుంచి నువ్వు ఏమన్న అడుగు, ఎవర్నన్న అడుగు. నేనొద్దన."

"ముందుగాల నీళ్ళు తోడు," అంది సోమ్లి.

మూడున్నరకు రేవు మలుపు తిరిగారు. అలలు ఒక్కసారిగా అణిగిపోయాయి. ఎదురుగా తెల్లటి కొండలా ఓడ. నిచ్చెన ఇంకా ఎత్తలేదు గానీ, దాని దగ్గర ఇద్దరు మనుషులు తాళ్ళు విప్పుతున్నారు. దోనెలో అందరూ ఒక్కసారే గొంతెత్తారు. ఒక్కరు కూడా లేచి నిలబడలేదు. కూర్చునే చేతులూపారు. పైనున్న మనిషి చూసి తాడు విప్పడం ఆపాడు.

ఒక్కొక్కరే ఎక్కారు. పట్టు చీరలు ఉప్పుతో బిర్రబిగుసుకుపోయాయి. పైన టికెట్లు చూసే అధికారి ఈ తడిసిన మంద వైపు వింతగా చూసి, "ఇంత గాలిలో ఎట్లా వచ్చారు? ఎవరు తీసుకొచ్చారు?" అని హిందీలో అడిగాడు. సత్తార్ నోరు తెరవక ముందే మలికా చెప్పింది. "మా సోమ్లి." చెప్పి, తడిసిన కొంగుతోనే సోమ్లి ముఖం తుడిచింది.

ఓడ కూత పెట్టింది. సోమ్లి కమ్మీ దగ్గరికి పరుగెత్తింది. కింద దోనె ఇంకా అక్కడే తిరుగుతోంది. ఏత్వారి మధ్యలో కూర్చుని మెడ ఎత్తి చూస్తోంది.

"అక్కా! ఎండలు ముదరక ముందే రా! ఇప్పపూవు రాలేటప్పుడు రా!" అని సోమ్లి తన మాటలో అరిచింది. "ఖమ్మంల దిగు! పినపాక బస్సెక్కు! పోస్ట్‌మాన్ ఇల్లంటే ఎవరన్న చెప్తరు!"

మోతీలాల్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, జన్మలో మొదటిసారి నలుగురిలో లంబాడీ మాటలో గొంతు చించుకుని, "నేనే వచ్చి బస్సు దగ్గర నిలవడ్త వదినే!" అని కేక వేశాడు.

కింద ఏత్వారికి ఎంత వినబడిందో తెలియదు. కానీ ఆమె కొడుకు భుజం పట్టుకుని, దోనెలో నిటారుగా లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది. ఓడ కదిలింది. పదకొండు మందీ కమ్మీ వెంట వరుసగా నిలబడి, గొంతులు బొంగురుపోయే దాకా ఆమె పేరు పిలిచారు.